ఖదీజా దరఖాస్తు

ఐరోపాలో నిరుద్యోగ యువత గురించి మన సదస్సుల్లో, పత్రికల్లో మాట్లాడేవాళ్ళని మేము చాలాకాలంగా వింటున్నాం. గ్రీసు, స్పెయిన్ దగ్గర మొదలుపెడతారు. 2013లో ఆ రెండు దేశాల్లో పనికి సిద్ధంగా ఉన్న పాతికేళ్ళ లోపు వాళ్ళలో సగానికి పైగా ఖాళీగా ఉన్నారని చెప్తారు. తర్వాత బ్యాంకుల మాట, పెట్టుబడి మాట, యంత్రాల మాట వస్తుంది. చివరికి నైపుణ్యాల మాట. అంతా నిజమే, వీటితో మాకు తగాదా లేదు. ఖాళీగా ఉన్న కుర్రాడికి వయసు ఒక్కటే ఉన్నట్టు, పేరు లేనట్టు, పేట లేనట్టు మాట్లాడతారే, అక్కడే మా తగాదా.

పేరు సంగతి చూడండి. 2009లో క్లేర్ అడీడా, డేవిడ్ లైటిన్, మరీ-ఆన్ వాల్‌ఫోర్ అనే ముగ్గురు పరిశోధకులు ఫ్రాన్సులో ఒక పరీక్ష పెట్టారు. దియూఫ్ అనేది సెనెగల్ వాళ్ళ ఇంటిపేరు. ఆ ఇంటిపేరుతో ఇద్దరు కల్పిత యువతుల్ని తయారుచేశారు. ఒకామె మరీ దియూఫ్, ఇంకొకామె ఖదీజా దియూఫ్. ఒకే చదువు, ఒకే అనుభవం. ఇద్దరూ సెనెగల్ మూలాల వాళ్ళే. తేడా అల్లా ముందుపేరు, ఒకామె కేథలిక్ సేవాసంస్థలో, రెండో ఆమె ఇస్లామిక్ సేవాసంస్థలో పనిచేసినట్టు కాగితం మీద ఉండడం. నిజమైన ఉద్యోగ ప్రకటనలకి ఆ దరఖాస్తులు వెళ్ళాయి. మరీకి నూటికి 21 చోట్ల నుంచి పిలుపు వచ్చింది. ఖదీజాకి 8 చోట్ల నుంచి.

మా అభ్యుదయ మిత్రులకి ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. అస్తిత్వం అనగానే మీరు నొసలు ముడుస్తారు. నిరుద్యోగికి మతం ఏమిటి, ఆకలికి కులం ఏమిటి, అంతా వర్గమే కదా అంటారు. మరీ, ఖదీజా ఒకే వర్గం. ఒకే రంగు. వలస వచ్చిన దేశం ఒకటే, ఇంటిపేరూ ఒకటే. మీ సిద్ధాంతం ప్రకారం ఇద్దరికీ సమానంగా పిలుపులు రావాలి, లేదా సమానంగా రాకుండా పోవాలి. ఆ పదమూడు పిలుపుల తేడాని మీ వర్గ విశ్లేషణలో ఏ గడిలో వేస్తారు? వర్గం లేదని మేము అనడం లేదు. వర్గం దగ్గరే ఆగిపోతే ఖదీజా కనబడదని అంటున్నాం.

జర్మనీలో దరఖాస్తుకి ఫొటో అంటించడం రివాజు. డోరిస్ వైక్సెల్‌బామర్ అనే పరిశోధకురాలు ఒకే యువతి ఫొటోని మూడు రకాలుగా వాడింది. సాండ్రా బావర్ అనే పేరుతో పంపితే నూటికి 18.8 చోట్ల పిలిచారు. మెర్యెమ్ ఓజ్‌టుర్క్ అంటే 13.5. అదే మెర్యెమ్ తలకి స్కార్ఫ్ కట్టుకున్న ఫొటోకి 4.2. ఈ ఫలితాలు 2016లో వచ్చాయి. మరుసటేడు, 2017 మార్చిలో, ఐరోపా సమాఖ్య న్యాయస్థానం ఒక తీర్పు చెప్పింది. బెల్జియంలో రిసెప్షనిస్టుగా పనిచేసే ఒకామె తలకి స్కార్ఫ్ కట్టుకుంటానన్నందుకు కంపెనీ తీసేసింది. మత, రాజకీయ చిహ్నాలన్నిటికీ ఒకేలాగా వర్తించే నియమమైతే అది నేరుగా వివక్ష కిందికి రాదని కోర్టు అంది. అందరికీ ఒకే నియమం! తలకి ఏమీ కట్టుకోనివాళ్ళకి ఆ నియమంతో పోయేదేముంది?

ఈ పరీక్ష మన దేశంలోనూ జరిగింది, కనక ఐరోపాని వేలెత్తి చూపించి మనం తప్పించుకునే వీలు లేదు. సుఖదేవ్ థోరట్, పాల్ ఆట్‌వెల్ పత్రికల్లోని ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకి సమాన అర్హతలున్న దరఖాస్తులు పంపి, 2007లో ఫలితాలు ప్రకటించారు. ముస్లిం పేరున్న అభ్యర్థికి పిలుపు వచ్చే అవకాశం, అగ్రకుల హిందూ పేరుకి వచ్చే అవకాశంలో మూడో వంతు దగ్గర తేలింది. దళిత పేరుకి మూడింట రెండు వంతులు. పారిస్‌లో ఖదీజాని కలవని మేము ఆమెని ఇట్టే గుర్తుపట్టడానికి కారణం ఇదే.

ఇంత తెలిసి ఐరోపా ఏం చేసింది? 2013 ఏప్రిల్‌లో యువతకి హామీ అనే పథకం తెచ్చింది. చదువు మానేసిన, ఉద్యోగం పోయిన పాతికేళ్ళ లోపు ప్రతి ఒక్కరికీ నాలుగు నెలల్లోగా ఉద్యోగమో, చదువో, అప్రెంటిస్‌షిప్పో, శిక్షణో చూపించాలి. 2020లో ఆ వయసు ముప్ఫై దాకా పెంచారు. మంచి పథకమే. 2024 నాటికి సమాఖ్య మొత్తం మీద యువ నిరుద్యోగం 15 శాతం దరిదాపులకి దిగింది. ఎవరి వల్ల ఎంత దిగిందనే లెక్క ఆర్థికవేత్తలు చూసుకుంటారు. మేము అడిగేది ఒక్కటే. ఈ పథకం కుర్రాడికి శిక్షణ ఇస్తుంది. అతని పేరు చూసి కాగితం పక్కన పడేసే మేనేజరుకి ఏ శిక్షణ ఇస్తుంది? లోపం ఎప్పుడూ వెలిపడినవాడిలోనే వెతుకుతారు. భాష రాదు, మర్యాద రాదు, సమయపాలన లేదు, కలిసిపోడు. ఐరోపా సమాఖ్య ప్రాథమిక హక్కుల సంస్థ 2024లో చెప్పిన సంగతి వినండి. సమాఖ్యలో ఉద్యోగం చేస్తున్న ముస్లింలలో 41 శాతం మంది తమ చదువుకి తక్కువ పనిలో ఉన్నారు. మొత్తం జనాభాలో అలాంటివాళ్ళు 22 శాతం. నైపుణ్యం ఎక్కువై బాధపడేవాళ్ళకి నైపుణ్యం నేర్పుతామనడం ఏం న్యాయం? మా పిల్లలకి పంక్చర్ షాపు, వెల్డింగ్ షాపు రాసిపెట్టినట్టే అక్కడి పిల్లలకి డెలివరీ సైకిలు రాసిపెట్టారు కాబోలు.

తలుపు దగ్గరి మనిషిని సరిచేసే చట్టం ఫ్రాన్సులో ఒకసారి వచ్చింది. దాని కథ చెప్పి తీరాలి.

2005 అక్టోబరు 27న పారిస్ శివారు క్లిషీ-సు-బువాలో జియెద్ బెన్నా, బునా త్రవోరె అనే ఇద్దరు పిల్లలు పోలీసుల్ని తప్పించుకోబోయి కరెంటు సబ్‌స్టేషన్‌లో దూరి కాలిపోయారు. ఒకడికి 17, ఒకడికి 15. దానికి రెండు రోజుల ముందే హోంమంత్రి సర్కోజీ శివారు కుర్రాళ్ళని అలగా మూక అనే అర్థం వచ్చే మాటతో తిట్టి ఉన్నాడు. మూడు వారాలు దేశమంతా శివార్లు తగలబడ్డాయి. నవంబరు 8న అత్యవసర పరిస్థితి పెట్టారు. ఏ చట్టం కింద? అల్జీరియా యుద్ధం కోసం 1955లో చేసిన చట్టం కింద. తాతల్ని అణచడానికి చేసిన చట్టం మనవళ్ళకి పనికొచ్చింది. పారిస్‌కి పట్టుమని పదిహేను కిలోమీటర్లు లేని ఆ ఊరికి 2019 చివర్లో గానీ ట్రాము రాలేదు. ఉద్యోగం సంగతి సరే, ఇంటర్వ్యూకి వెళ్ళడానికే దారి లేదన్నమాట. వెలివాడ అనే మాట తెలిసినవాళ్ళకి ఈ ఏర్పాటుని విడమర్చి చెప్పక్కర్లేదు.

ఆ మంటల తర్వాత 2006 మార్చి 31న సమాన అవకాశాల చట్టం వచ్చింది. అందులో రెండు సంగతులున్నాయి. ఒకటి, ఇరవయ్యారేళ్ళ లోపు వాళ్ళని మొదటి రెండేళ్ళలో కారణం చెప్పకుండా తీసేసే వీలున్న ఉద్యోగ ఒప్పందం. రెండోది, యాభై మందీ ఆపైన ఉద్యోగులున్న కంపెనీలు దరఖాస్తుల్ని పేరు కనబడకుండా చూడాలనే నియమం. మొదటిదాని మీద విద్యార్థులు, కార్మిక సంఘాలు లక్షల్లో వీధుల్లోకి వచ్చాయి. ఏప్రిల్‌లోనే ప్రభుత్వం దాన్ని వెనక్కి తీసుకుంది. ఆ పోరాటం న్యాయమైనదే. రెండోది మాత్రం కాగితం మీద ఉండిపోయింది. దాన్ని అమలు చేసే ఉత్తర్వు ఏ ప్రభుత్వమూ ఇవ్వలేదు. ఎనిమిదేళ్ళు! 2014లో అక్కడి అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం ఆరు నెలల్లో ఉత్తర్వు ఇవ్వమని ఆదేశించింది. 2015లో ప్రభుత్వం చట్టాన్నే మార్చి, పేరు దాచడం కంపెనీల ఇష్టానికి వదిలేసింది. దానికోసం ఏ లక్ష మందీ వీధిలోకి రాలేదు.

పేరు దాస్తే మైనారిటీలకే నష్టమని ఒక ప్రయోగంలో తేలింది కదా అని కొందరు అంటారు. తేలింది, నిజమే. 2009-10లో జరిగిన ఆ ప్రయోగంలో స్వచ్ఛందంగా చేరిన కంపెనీలే ఉన్నాయి. శివారు పేరు చూసి కొంచెం సానుభూతితో పిలిచే కంపెనీలే ముందుకొచ్చాయని, పేరు దాచేసరికి ఆ సానుభూతి పోయిందని ప్రయోగం చేసినవాళ్ళే వివరించారు. తలుపు తెరిచి ఉంచిన ఇళ్ళనే లెక్కపెట్టి, ఊళ్ళో ఎవరూ తలుపు వేసుకోరని తేల్చినట్టుంది ఈ వాదన.

ఇంగ్లండు సంగతి వేరేలా కనబడుతుంది గానీ గుణం అదే. బ్రాడ్‌ఫర్డ్, ఓల్డాం మిల్లుల్లో తెల్లవాళ్ళు చెయ్యనన్న రాత్రి షిఫ్టుల కోసం మీర్‌పూర్ నుంచి తండ్రులు వెళ్ళారు. మిల్లులు మూతపడ్డాయి. కొడుకులు మిగిలారు. 2001 వేసవిలో ఆ ఊళ్ళు రగిలాక వచ్చిన నివేదికలో అందరికీ గుర్తుండిపోయిన మాట 'సమాంతర జీవితాలు'. మిల్లు మూతకన్నా మీరు కలవరన్నదే పెద్ద వార్త అయింది.

అందరికన్నా అడుగున రోమాలున్నారు. నీళ్ళని మాలాగే పానీ అంటారు, వాళ్ళ భాష మన వైపు నుంచి వెళ్ళిందే. చెక్ దేశంలోని ఒస్ట్రావాలో రోమా పిల్లల్ని బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళ బడుల్లో వేశారు. అది వివక్షేనని 2007 నవంబరులో ఐరోపా మానవహక్కుల న్యాయస్థానం తేల్చింది. ఆరేళ్ళ వయసులో అలాంటి బడిలో వేసి, ఇరవయ్యో ఏట నైపుణ్యం లేదని నిట్టూర్చడం ఎంత సులువు!

ఫ్రాన్సు జనాభా లెక్కల్లో మతం అడగదు, జాతి అడగదు. రిపబ్లిక్‌కి అందరూ ఒకటేనట. మన దగ్గర 2006లో సచార్ కమిటీ లెక్క తీసి చూపించబట్టే మా వెనకబాటు మా బద్ధకం కాదని చెప్పుకోడానికి ఒక కాగితం దొరికింది. క్లిషీ పిల్లలకి ఆ కాగితం కూడా లేదు. వాళ్ళ తరఫున మాట్లాడేవి ఈ దొంగ దరఖాస్తుల పరీక్షలే.

2020లో ఫ్రెంచి ప్రభుత్వమే అలాంటి పరీక్ష చేయించి ఏడు పెద్ద కంపెనీల పేర్లు బయటపెట్టింది. కంపెనీలు పరీక్ష పద్ధతి బాగాలేదన్నాయి. సరే, మెరుగైన పద్ధతితో ఏటా చెయ్యండి. ఐరోపా నిధులు, ప్రభుత్వ కాంట్రాక్టులు తీసుకునే ప్రతి కంపెనీకీ ఒక మరీ దరఖాస్తు, ఒక ఖదీజా దరఖాస్తు పంపండి. ఎవరిని పిలిచారో ప్రకటించండి. పిలవనివాళ్ళకి ఆ ఏడు కాంట్రాక్టు ఆపండి. యువతకి ఇచ్చిన హామీలో ఈ షరతు చేర్చడానికి అడ్డేమిటో ఎవరైనా చెప్తే వింటాం.