గాలింపు, వేట, మరికొన్ని మాటలు

"వీరప్పన్ ఇంకా పెద్దగానే ఉన్నాడు" అని నేనొకసారి మా నాయనకు హిందూ పత్రిక చదివి, తెలుగు చేసి వినిపించాను. తొంభైల నడిమికాలం, చిత్తూరు. ఇంగ్లీషు రావాలంటే రోజూ హిందూ చదవాలన్నది ఆ రోజుల్లో ప్రతి ఇంటా వినిపించే ఉపదేశం. ఆ పత్రికలో క్రికెట్ తరువాత నాకు రుచించినవి దొంగలూ పోలీసుల వార్తలే. వీరప్పన్ 'ఎట్ లార్జ్' అని రాశారు. లార్జ్ అంటే పెద్ద. ఆ మీసాలు చూసినవాడికి ఆ అర్థం సబబుగానే తోస్తుంది. నాయన నవ్వి, "పట్టుబడకుండా బయట తిరుగుతున్నాడని దానర్థం రా" అన్నాడు. 'గేవ్ ద స్లిప్' అంటే పోలీసులకు చీటీ రాసి ఇచ్చి వెళ్ళాడనుకున్నాను. అంత మర్యాదస్తుడి కోసం మూడు రాష్ట్రాల పోలీసులు అడవులు పట్టి తిరగడం ఎందుకో నాకు బోధపడలేదు. 2004 అక్టోబరు 18న ధర్మపురి జిల్లాలో వీరప్పన్ హతుడయ్యే నాటికి, ఆయన పుణ్యమా అని, నా నోటుపుస్తకంలో చాలా పేజీలు నిండాయి.

ఆ పుస్తకం మొన్న దొరికింది. బెయిలు, పెరోలు, రిమాండు, కస్టడీ, ఎస్కార్టు, వారెంటు, లుకౌట్ నోటీసు. వీటిలో సగం మాటలకు ఇప్పుడు అర్థం రాసుకోనవసరం లేదు. ఇంగ్లీషు అక్షరం ముక్క రాని అవ్వ కూడా మనవడిని రిమాండుకు పంపారని చెప్పి ఏడుస్తుంది. ఇది చూసి బాధపడే మిత్రులున్నారు. వీటికి తెలుగు కల్పించాలంటారు. నాకు ఆ పట్టుదల లేదు. ఎందుకంటే ఈ విషయంలో మన మాటలు మనవిగా ఉన్న కాలం తక్కువ. ఖైదు, జామీను, ములాఖత్తు అరబ్బీ నుంచి వచ్చాయి. పరారీ కూడా అక్కడి 'ఫిరార్' నుంచి మన దాకా పారిపోయి వచ్చినదే. 'ముద్దాయి' కథ మరీ విచిత్రం. మూలభాషలో ఆ మాటకు వాది, అంటే ఫిర్యాదు చేసినవాడు అని అర్థం. తెలుగుకు వచ్చేసరికి ఫిర్యాదీ కాస్తా నిందితుడై కూర్చున్నాడు. మన ఠాణాల అనుభవం ఉన్నవారికి ఇందులో ఆశ్చర్యం ఉండదనుకుంటాను.

అచ్చంగా మనదనదగిన మాట చెర. దానినే మా పక్కింటి తమిళులు 'సిఱై' అంటారు. సీతమ్మను చెర పట్టాడన్నా, చెరసాల అన్నా అందులో దుఃఖం ఉంది. జైలులో ఆ దుఃఖం వినిపించదు కాని, పుట్టుక వెతికితే అది లాటిన్‌లో పంజరానికి సంబంధించిన మాట. ఇక మనవాళ్ళు న్యాయస్థానంలో మనిషిని నిలబెట్టేచోటికి ఏ పేరు పెట్టారు? బోను. పులిని పట్టేదీ అదే. నేరం రుజువు కాకముందే మనిషి బోనెక్కుతాడు. దేశంలోని జైళ్ళలో ఉన్నవారిలో దాదాపు నాలుగింట మూడువంతుల మంది ఇంకా తీర్పు వెలువడని విచారణ ఖైదీలే. పత్రికల్లో మాత్రం 'విచారణ' అన్న ముందుమాట తరచు రాలిపోతుంది. ఖైదీ ఒక్కటే మిగులుతుంది.

పలాయనం విషయంలో నా పుస్తకంలో ఒక మంచి పుట ఉంది. 1995 ఆగస్టులో వేలూరు కోటలోని ప్రత్యేక శిబిరం నుంచి 43 మంది ఎల్‌టీటీఈ వాళ్ళు సొరంగం తవ్వుకుని వెళ్ళిపోయారు. వేలూరు మాకు పొరుగూరు లాంటిది, పెద్ద జబ్బు చేస్తే మేము పరిగెత్తేది అక్కడి ఆసుపత్రికే. కనుక మా వీధిలో చాలా రోజులు ఇదే కథ. అప్పుడు రాసుకున్న మాట 'ఫ్యుజిటివ్'. దానికీ 'రెఫ్యూజీ'కీ వేరు ఒకటేనని, పారిపోవడమనే లాటిన్ ధాతువు రెండింటికీ మూలమని చాలా కాలం తరువాత తెలిసింది. అంతకన్న నన్ను కదిలించినది మన కాందిశీకుడు. 'కాం దిశమ్', ఏ దిక్కుకు పోదును, అన్న ప్రశ్నలోంచి పుట్టిన మాట అది. సంస్కృతంలో భయంతో పారిపోయేవాడెవడైనా కాందిశీకుడే. తెలుగులో ఇల్లూ ఊరూ పోగొట్టుకున్నవాడికే దానిని మిగిల్చి, జైలు తప్పించుకున్నవాడిని పరారీ ఖాతాలో వేశాము. ఈ విడదీత మంచిదే. అయితే సంకెళ్ళు తెంచుకున్నవాడు కూడా గోడ దూకిన మరుక్షణం అడిగే ప్రశ్న అదే కదా!

ఇక అసలు సంగతి. పోలీసులు మనిషిని వెతకడాన్ని ఇంగ్లీషులో 'మ్యాన్‌హంట్' అంటారు. తమిళ పత్రికలవాళ్ళు 'తేడుదల్ వేట్టై' అని దానిని మించిపోయారు. మనవాళ్ళూ అప్పుడప్పుడు 'వేట ముమ్మరం' అని రాస్తారు గాని, మన పత్రికల్లో పాతుకున్న మాట గాలింపు. ఎవరు మొదట వాడారో గాని ఆయనకు వంటింటితో పరిచయం ఉండి ఉండాలి. మా అవ్వ బియ్యం గాలించేది. ఒక గిన్నెలో బియ్యం నీళ్ళు పోసి, మెల్లగా ఊపుతూ, నీళ్ళతోపాటు గింజలను రెండో గిన్నెలోకి వంచేది. చివర అడుగున రాళ్ళు మిగిలేవి. తొందరపడితే రాయి బియ్యంలోకి జారుతుంది, విసుగుపడితే గింజ రాళ్ళలో పోతుంది. అంటే గాలింపులో రాయిని పట్టడమెంతో గింజను పోగొట్టకపోవడమూ అంతే. వేటలో అలాంటి లెక్క లేదు. కూంబింగులోనూ లేదు. అది దువ్వెన పని, పేను దొరికితే చాలు, వెంట్రుకలు ఎన్ని ఊడాయో ఎవరూ చూడరు.

ఈ తేడా మా జిల్లాలో నేను రెండుసార్లు చూశాను. 2013 అక్టోబరు 5న అప్పటి చిత్తూరు జిల్లా పుత్తూరులో, అదే, విరిగిన ఎముకలకు కట్టు కట్టే ఊరిలో, తమిళనాడు పోలీసులు ఒక ఇంటిని చుట్టుముట్టారు. హత్య కేసుల్లో వాళ్ళు వెతుకుతున్న ఇద్దరు లోపల ఉన్నారు. ఒక పోలీసు అధికారికి తీవ్ర గాయాలయ్యాయి. మన ఆక్టోపస్ బలగం కూడా వచ్చింది (ఎనిమిది కాళ్ళ జంతువు పేరు పెట్టుకున్నవాళ్ళు గుమ్మం దగ్గర ఓపికగా నిలబడగలరని నేననుకోలేదు). గంటల తరబడి ముట్టడి. ముందు ఒక స్త్రీ, పిల్లలు బయటికి వచ్చారు. తరువాత ఆ ఇద్దరూ ప్రాణాలతో పట్టుబడ్డారు. పిల్లలున్న ఇంటి ముందు తుపాకులతో అన్ని గంటలు ఆగడం చిన్న విషయం కాదు. గాలింపు అన్న మాటకు తగిన పని ఆ రోజు జరిగిందని నా అభిప్రాయం.

రెండవది 2015 ఏప్రిల్ 7. చంద్రగిరి వైపు శేషాచలం అడవుల్లో ఎర్రచందనం టాస్క్‌ఫోర్సు కాల్పుల్లో 20 మంది చనిపోయారు. తమిళనాడు నుంచి చెట్లు కొట్టడానికి వచ్చినవాళ్ళు. గొడ్డళ్ళతో, రాళ్ళతో తమపై దాడి చేశారు గనుక ఆత్మరక్షణకు కాల్చామని పోలీసులు చెప్పారు. హక్కుల సంఘాలు ఆ మాట నమ్మలేదు. నేను ఇక్కడ తీర్పు చెప్పబోవడం లేదు. మాటల సంగతే చెబుతాను. సరిహద్దుకు ఇవతల వాళ్ళు ఎక్కువగా 'స్మగ్లర్లు' అయ్యారు, అవతల 'కూలీలు' అయ్యారు. దుంగకు ఇంత అని కూలి తీసుకునేవాడు స్మగ్లరు ఎలా అవుతాడో, దుంగలను ఓడలెక్కించి దేశం దాటించేవాడికి వేరే పేరేమిటో ఇవతల పెద్దగా ఎవరూ అడగలేదు. రెండు వైపులా మారని మాట ఒక్కటే, ఎన్‌కౌంటర్. 'చంపారు' అని రాస్తే ఎవరు, ఎందుకు అన్న ప్రశ్నలు వెంటనే వస్తాయి. 'ఎన్‌కౌంటర్ జరిగింది' అంటే వాన కురిసినట్టు, దానంతట అదే జరిగిపోతుంది. జైలు, బెయిలు, పెరోలు ఎన్ని వచ్చినా తెలుగుకు నష్టం లేదు. ఈ ఒక్క మాటను మాత్రం పోలీసు ప్రకటనలోంచి యథాతథంగా దించుకోవద్దని వార్తలు రాసే మిత్రులను వేడుకుంటున్నాను. కాల్పుల్లో చనిపోయారని రాయండి. అంతకు ఎక్కువ తెలియనప్పుడు అంతవరకే రాయండి.

నా నోటుపుస్తకంలో 'ఎన్‌కౌంటర్' కూడా ఉంది. ఎదురుగా, నిఘంటువు చూసి, పెన్సిలుతో రాసుకున్నాను: అనుకోకుండా ఎదురుపడుట. పక్కనే నాయన దస్తూరీలో ఒక ప్రశ్నార్థకం ఉంది. అది ఎప్పుడు పెట్టాడో నాకు తెలియదు.