సోమవారం కాఫీ

అక్టోబరు రెండో తేదీన మనమందరం గాంధీగారిని తలుచుకుంటాం. ఆ రోజే పుట్టిన మరొకాయన వున్నారన్న సంగతి చాలామందికి సాయంత్రానికి గాని గుర్తు రాదు. ఆయనకిది కొత్తేమీ కాదు. బతికి వున్న రోజుల్లో కూడా పదిమందిలో వెనక నిలబడ్డ మనిషే. లాల్ బహదూర్ శాస్త్రిగారి మాట చెబుతున్నాను.

మొన్న మా మనవరాలిని బళ్ళో ఆయన మీద వ్యాసం రాసుకు రమ్మన్నారట. పుట్టింది 1904లో మొగల్‌సరాయిలో, ప్రధాని అయింది 1964 జూన్ 9న, పోయింది 1966 జనవరి 11న అని గడగడా రాసేసింది. సోమవారం రాత్రి భోజనం సంగతి దగ్గరకి వచ్చేసరికి కలం ఆపింది.

"అమ్మమ్మా, నిజంగా మీరంతా వారానికో పూట అన్నం మానేశారా? దానివల్ల దేశానికి ఏం ఒరిగింది?"

మొదటి ప్రశ్నకి వెంటనే జవాబు చెప్పేశాను. రెండోది నన్ను రాత్రంతా నిద్ర పోనివ్వలేదు. 

1965లో నాకు పదేళ్ళు. తెనాలిలో అద్దె ఇల్లు. నాన్నగారు తాలూకా ఆఫీసులో గుమాస్తా. అమ్మ, మేం నలుగురు పిల్లలం, మా మేనత్త. ఆ సెప్టెంబరులో పాకిస్తానుతో యుద్ధం వచ్చింది. పక్క వాటాలో ప్లీడరుగారింట రేడియో వుండేది. ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు వచ్చే వేళకి వాళ్ళ వసారా నిండిపోయేది. యుద్ధానికి తోడు ఆ ఏడు వానలు కూడా మొహం చాటేశాయి. అప్పటికే దేశం పి.ఎల్. 480 ఒప్పందం కింద అమెరికా నుంచి వచ్చే గోధుమల మీద ఆధారపడి వుంది. ఇంకొకరి ఓడ కోసం రేవు వైపు చూస్తూ కూచునే దేశం తల ఎత్తుకుని మాట్లాడటం కష్టం. ఆ సమయంలో శాస్త్రిగారు "జై జవాన్, జై కిసాన్" అన్నారు. వారానికి ఒక పూట భోజనం మానమని అడిగారు. ముందు తన ఇంట్లో అమలు జరిపి, ఆ తరువాతే జనాన్ని అడిగారని చెబుతారు. చాలా వూళ్ళలో సోమవారం సాయంత్రం హోటళ్ళు మూసేసేవారు.

మా ఇంట్లో ఆ కబురు రాగానే పెద్ద సభే జరిగింది. నాన్నగారు, అమ్మ సోమవారం రాత్రి మజ్జిగ తాగి పడుకోవడం. పిల్లలకి మాత్రం అన్నం బదులు గోధుమరవ్వ వుప్మా. గోధుమరవ్వ అంటే మాకు పథ్యం తిండి. మా తమ్ముడు ఆ మాట వినగానే ఏడుపు లంకించుకున్నాడు.

"మరి అత్తయ్యో?" అని అడిగాను నేను.

ఎవరూ మాట్లాడలేదు. ఎందుకంటే అత్తయ్య రాత్రిపూట అన్నం తినగా మేమెవ్వరం చూడలేదు. పద్ధెనిమిదేళ్ళకే భర్త పోయి తమ్ముడి పంచన చేరిన మనిషి. ఆ కాలపు ఆచారం ప్రకారం పగలొక్క పూటే అన్నం. రాత్రి ఇన్ని అటుకులో, కాస్త వుప్పుడుపిండో. దేశం వారానికి ఒక పూట అడిగితే, లోకం ఆవిడ దగ్గర ఏడు పూటలూ ఎప్పుడో పుచ్చేసుకుంది. దానికి ఎవరూ "జై" అనలేదు. ఆవిడ కూడా అడగలేదు.

అత్తయ్య కాసేపు ఆలోచించి, "అయితే నేను కాఫీ మానేస్తాన్రా, సోమవారం రెండు పూటలూ" అంది.

మేం పిల్లలం పకపకా నవ్వాం. "నీ కాఫీతో సైనికులు ఏం చేసుకుంటారత్తయ్యా?" అన్నది నేనే. అది తలుచుకుంటే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది. ఆవిడ జీవితంలో తనకంటూ వున్న ఒకే ఒక సుఖం తెల్లవారుజామున ఆ ఇత్తడి గ్లాసుడు కాఫీ. చీకటితో లేచి స్నానం చేసి, పొయ్యి రాజేసి, అందరూ లేచేలోగా పెరటి అరుగు మీద కూచుని ఒక్కర్తే తాగేది. ఆ పావుగంట మాత్రమే ఆవిడది. తక్కిన రోజంతా మాది. ఆ పావుగంట తీసి ఇచ్చేసింది.

సోమవారాలు ఆవిడకి తలనొప్పి వచ్చేది. నుదుటికి శొంఠి పట్టు వేసుకుని వంట చేసేది. శొంఠి వాసన వస్తే సోమవారమని మాకు తెలిసేది.

శాస్త్రిగారి గురించి తరువాత నేను చదువుకున్నాను. ఆయనకి ఏడాదిన్నర వయసులోనే తండ్రి పోతే, తల్లి రామ్‌దులారీ దేవి పిల్లల్ని తీసుకుని పుట్టింటికి చేరింది. పుట్టింట్లో తలదాచుకున్న ఆడమనిషి పెంచిన కొడుకాయన. అందుకేనేమో, అడిగే ముందు తను ఇచ్చి మరీ అడగాలని ఆయనకి తెలుసు. 1956 సెప్టెంబరులో మన మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి రైలు పడిపోయి నూరుమందికి పైగా చనిపోయారు. అప్పుడాయన రైల్వే మంత్రి. రాజీనామా ఇస్తే నెహ్రూగారు వద్దన్నారు. నవంబరులో అరియలూరు దగ్గర మరో ప్రమాదం జరిగింది. ఈసారి ఆయన ఆగలేదు. వంతెన ఆయన కట్టలేదు, రైలు ఆయన నడపలేదు. అయినా బాధ్యత నాదేనన్నారు. అలాంటి మనిషి ఒక పూట మానమంటే జనం ఎందుకు మానరు?

1966 జనవరి 10న తాష్కెంటులో ఒడంబడిక మీద సంతకాలయ్యాయి. ఆ రాత్రి గడవకుండానే ఆయన పోయారు. నాలుగు నెలల క్రితం యుద్ధం చేసిన అయూబ్‌ఖాన్ అక్కడ ఆయన శవపేటికకి భుజం పట్టారు. తెల్లవారి ప్లీడరుగారి వసారాలో ఆ వార్త విని నాన్నగారు ఆఫీసుకి వెళ్ళకుండా అలాగే చతికిలబడ్డారు. అత్తయ్య మాత్రం లోపలికి వెళ్ళి, అప్పుడే కలుపుకున్న కాఫీ తూములో పారబోసింది. అది మంగళవారం.

తరువాత ఒక్కొక్కరం సోమవారాలు మరిచిపోయాం. అమ్మ మానింది, నాన్నగారు మానారు. అత్తయ్య మానలేదు. "ఆయన అడిగారు, ఇక చాలని చెప్పలేదు గదా!" అనేది.

ఇప్పుడు అసలు సంగతి. 1962లో చైనా యుద్ధం వచ్చినప్పుడు రక్షణ నిధికి ఆడవాళ్ళు నగలిస్తుంటే, అత్తయ్య తన పెట్టెలోంచి గాజుల జత తీసింది. ఒంటికి పెట్టుకోవడానికి ఎలాగూ లేదు. "అవొక్కటే నీకు ఆధారం అక్కయ్యా, వద్దు" అని నాన్నగారు బలవంతాన లోపల పెట్టించారు. 1971లో నన్ను కాలేజీలో చేర్చాలా వద్దా అన్న ప్రశ్న వచ్చింది. అంతకు ముందేడే పెద్దక్క పెళ్ళి అయింది. నాన్నగారి చేతిలో చిల్లిగవ్వ లేదు. "ఆడపిల్లకి ఇంతవరకు చాల్లే" అన్నారు, మొహం అటు తిప్పుకుని. మర్నాడు అత్తయ్య గాజులు చెంగులో ముడివేసుకుని వెళ్ళి, డబ్బు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"దేశానికిద్దామని తీశాను అప్పట్లో. నీకిచ్చినా ఒకటే. చదువుకో" అంది.

చదువుకున్నాను. టీచరు నయ్యాను. మొదటి నెల జీతంలో నాన్నగారికి మనియార్డరు పంపాను, నాకొక వాయిల్ చీర కొనుక్కున్నాను. అత్తయ్యకి ఏమీ పంపలేదు. ఆవిడకేం కావాలి గనక అనుకున్నాను! ఏమీ అడగని మనిషికి ఏమీ అక్కర లేదనుకోవడం ఇంటిల్లిపాదికీ పట్టిన జబ్బు. 1984లో ఆవిడ పోయేదాకా "నీవల్ల చదువుకున్నానత్తయ్యా" అని నోరు విప్పి అనలేదు. మనకి ఇంట్లోవాళ్ళకి కృతజ్ఞత చెప్పే అలవాటు లేదు. చెప్పకపోయినా తెలుస్తుందిలే అంటాం. తెలుస్తుందేమో. కాని చెప్పలేదన్న సంగతి మిగిలినవాళ్ళకి తెలుస్తూనే వుంటుంది.

తెల్లవారి మనవరాలికి నా జవాబు చెప్పాను. మానిన అన్నంతో దేశం గట్టెక్కలేదమ్మా. 1966లో మెక్సికో నుంచి 18,000 టన్నుల గోధుమ విత్తనం తెప్పించారు. రైతులు నమ్మి చల్లారు. ఇక్కడ 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ నీళ్ళు కాలవల్లోకి వదిలారు. గట్టెక్కించినవి విత్తనం, నీళ్ళు, రైతు చెమట. అయితే అవి చేతికొచ్చేదాకా జనాన్ని ఒకచోట నిలబెట్టింది మాత్రం ఆ సోమవారమే. ఇచ్చినదాని విలువ సేర్లలో తూచేది కాదు, ఇచ్చినవాళ్ళకి ఎంత మిగిలిందో చూసి తూచాలి.

అది అంతా విని, "ఈ ముత్తత్తయ్య పేరు కూడా వ్యాసంలో రాయనా?" అంది. రాయమన్నాను.

మీ ఇంట్లో కూడా అలాంటివారొకరు వుండే వుంటారు. పీట చివర కూచునేవారు, అందరి తరువాత తినేవారు, ఏం కావాలంటే "నాకేం వద్దు" అనేవారు. ఈ పేజీ మూసి, ఈ పూట కాఫీ మీరే కలిపి వారికివ్వండి. చెప్పవలసిన ఆ ఒక్క మాట కూడా గ్లాసు అందిస్తూ చెప్పేయండి. నాకు ఆ వీలు దాటిపోయింది. మీకు ఇంకా వుంది.