జమ్మికుంటకు ఒక చిన్న వార్తల కూడలి కావాలి

జమ్మికుంట పత్తి మార్కెట్టుకు చుట్టుపక్కల మండలాల నుండి రైతులు వస్తుంటారు. ట్రాలీ కిరాయి పెట్టుకొని సరుకు తెచ్చే రైతుకు ముందుగా తెలియవలసిన సంగతులు నాలుగే. నేటి ధర ఎంత? యార్డుకు సెలవా? వాన ఉందా? సి.సి.ఐ. కొంటున్నదా? ఈ నాలుగూ నాలుగు చోట్ల ఉన్నాయి. సి.సి.ఐ. స్లాటు కోసం 2025లో వచ్చిన కపాస్ కిసాన్ యాప్ వేరు, ధరలు వేరు, వాతావరణ సూచన వేరు. చివరకు రైతు చేతికందేది వాట్సాప్‌లో చేతులు మారిన, తేదీ లేని ఒక ఫోటో.

చెదిరిన వార్తలను ఒకచోట చేర్చే పద్ధతి కొత్తదేమీ కాదు. 1999లో అమెరికాలోని నెట్‌స్కేప్ సంస్థ ఆర్.ఎస్.ఎస్. అనే ఏర్పాటును తెచ్చింది. దీనినే ఫీడు అంటారు. వార్తలు పెట్టేవారు శీర్షిక, తేదీ, లింకులతో ఒక పట్టీని ఉంచుతారు. రీడరు అనే ప్రోగ్రాము అటువంటి పట్టీలన్నీ తిరిగి చూసి, కొత్తవి ఏరి, ఒకే పేజీలో వరుసగా పేర్చుతుంది.

తెలుగువారికి ఇది అనుభవమే. వీవెన్ 2006లో ప్రారంభించిన ‘కూడలి’ తెలుగు బ్లాగులలోని కొత్త రాతలను ఒకేచోట చూపింది. జల్లెడ, హారం, మాలిక కూడా ఆ పని చేశాయి. ఇవన్నీ భాషాభిమానంతో నడిచినవి. ఇక 2005లో వచ్చిన గూగుల్ రీడరును ఆ కంపెనీయే 2013 జులై 1న మూసివేసింది. వాడేవారు ఉన్నా, యజమాని వద్దనుకుంటే అంతే. కనుక ఊరి అవసరానికి ఊరి చేతిలో ఉండే చిన్న సర్వీసే మేలు. అయితే అభిమానం ఒక్కటే చాలదు. రోజూ చూసే బాధ్యత ఎవరిదో ముందే తేల్చాలి.

మొదట ఆ నాలుగు సంగతులతోనే ప్రారంభించాలి. ఫీడు లేని చోటి సమాచారాన్ని మనిషి చూసి ఎక్కించవలసిందే. ప్రతి వార్తకు తేదీ, గంట, ఎవరు చెప్పారన్నది తప్పనిసరి. పొరపాటు పడితే సవరణ ఆ వార్త పైనే కనిపించాలి.

ధర పక్కన తేమ శాతం కూడా ఉండాలి. 2025-26లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు రూ. 8,110. అది 8 శాతం తేమకు. ఆపైన 12 శాతం వరకు ధరలో కోత పడుతుంది, 12 దాటితే సి.సి.ఐ. కొనదు. ధర ఒక్కటే చదివి, మంచుకు తడిసిన పత్తి తెచ్చిన రైతు కిరాయి నష్టపోయి వెనుదిరగవలసిందే. సగం వార్త చేసే నష్టం ఇదే.

సర్వీసు బాగుపడేది వాడేవారి మాటతోనే. అక్షరాలు పెద్దవి కావాలన్నా, చదివి వినిపించాలన్నా చెప్పవలసింది రైతులే. ఫోను లేనివారికి అవే నాలుగు వార్తలను యార్డు గేటు వద్ద బోర్డుపై సుద్దముక్కతో రాయవచ్చు.

ఇందుకు కోట్లు అక్కరలేదు. ఒక కంప్యూటరు, ఓపిక గల ఇద్దరు కాలేజీ విద్యార్థులు, మార్కెట్ కమిటీ అండ చాలు. జమ్మికుంటలోని కృషి విజ్ఞాన కేంద్రం పంట సలహాలతో తోడు నిలవవచ్చు. కొత్త పత్తి యార్డుకు రాకముందే మార్కెట్ కమిటీ ఈ పనికి పూనుకోవాలి.