బండికి రంగు సరే.. ఊపిరి మాటేమిటి?

గత వేసవిలో ఓ ఉదయం నలభై రెండేళ్ల ఉద్యోగి ఒకరు మా ఓపీకి వచ్చారు. మూడు రాత్రులుగా నిద్ర లేదన్నారు. పడుకుంటే ఛాతీ బిగుసుకుపోతోంది, పిల్లికూతలు, ఆగని పొడి దగ్గు. సిగరెట్ అలవాటు లేదు. చిన్నప్పుడు ఆయాసం లేదు. ఇంట్లో ఎవరికీ ఆస్తమా లేదు. ఎక్స్‌రే బాగానే ఉంది. ‘ఈ వారంలో కొత్తగా ఏం పని చేశారు?’ అని అడిగితే మొహమాటంగా నవ్వి ఫోన్ తీశారు. అందులో విప్పేసిన పాత యెజ్డీ బండి ఫొటోలు. వాళ్ల నాన్నగారిది. పదేళ్లుగా మెట్ల కింద పడి ఉన్న ఆ బండిని తండ్రి సంవత్సరీకం లోపు రోడ్డెక్కించాలని ఛాసిస్‌కు తనే రంగు కొడుతున్నారు. తడి రంగు మీద దుమ్ము పడకూడదని గది తలుపులు, కిటికీలు మూసేశారు. ముఖానికి కరోనా రోజుల్లో మిగిలిపోయిన సర్జికల్ మాస్కు పెట్టుకున్నారు. ఆ పనికి ఆ మాస్కు ఎందుకూ కొరగాదు.

పాత బండి మీద మమకారాన్ని నేను తప్పుపట్టను. మైసూరులో ఆ యెజ్డీల తయారీ 1996లోనే ఆగిపోయింది. అలాంటి బండిని విప్పి మళ్లీ నిలబెట్టడం తండ్రిని తలచుకునే ఒక పద్ధతి. సొంతంగా చేసుకుంటే నాలుగు డబ్బులూ మిగులుతాయి. కానీ వైద్యుడిగా నా అభిప్రాయం ఒకటే. విప్పడం, కడగడం, బిగించడం ఇంట్లో చేసుకోండి. హార్డెనర్ కలిపిన రంగును గన్‌తో కొట్టడం మాత్రం ఇంటి పని కాదు.

రెండో డబ్బాలో ఏముంది?

ఛాసిస్‌కు గట్టి మెరుపు కావాలంటే దుకాణంలో పీయూ పెయింట్ ఇస్తారు. ఒక డబ్బాలో రంగు, ఇంకో చిన్న డబ్బాలో హార్డెనర్. ఆ చిన్న డబ్బాలో ఉండేవి ఐసోసయనేట్లు అనే రసాయనాలు. రంగును గట్టిపరిచేవి అవే. గన్‌తో కొట్టినప్పుడు సన్నటి తుంపరతో కలిసి ఊపిరితిత్తుల్లోకి వెళతాయి. కొందరిలో రోగనిరోధక వ్యవస్థ వాటిని శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. ఒకసారి అలా జరిగితే, తర్వాత ఏ కాస్త తగిలినా ఆయాసం మొదలవుతుంది. లక్షణాలు చాలాసార్లు కొన్ని గంటల తర్వాత గానీ బయటపడవు. సాయంత్రం రంగు కొడితే అర్ధరాత్రి దగ్గు వస్తుంది. ‘ఏసీ గాలి పడలేదు’ అనుకుని సరిపెట్టుకుంటారు.

ఎన్‌95 పెట్టుకుంటే చాలదా అంటారు. అది దుమ్మును ఆపుతుంది, ఆవిరిని ఆపదు. బొగ్గు క్యాట్రిడ్జ్‌లున్న మాస్కు థిన్నర్ ఆవిరిని ఆపుతుంది. కానీ ఐసోసయనేట్లు హాని చేసే మోతాదులో ఉన్నా వాసన తెలియదు. క్యాట్రిడ్జ్ పని అయిపోయినా మనకు పట్టుబడదు. అందుకే ఈ పనికి బయటి నుంచి గొట్టం ద్వారా మంచి గాలి అందించే మాస్కు కావాలి. అది ఎవరింట్లో ఉంటుంది?

పాత రంగుతోనూ చిక్కే

కొత్త రంగు వేయాలంటే ముందు పాతది గీకాలి. పాతకాలపు వాహనాల రంగుల్లో, ముఖ్యంగా పసుపు, నారింజ, ఎరుపు ఛాయల్లో సీసం వాడేవారు. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచి అమలవుతోంది. అది గృహ, అలంకరణ రంగులకు సంబంధించినదే. కాబట్టి పాత బండి రంగులో సీసం ఉందనే అనుకుని పని చేయాలి. పొడిగా గీకితే ఆ దుమ్ము నేల మీద, బట్టల మీద, పాకే పాప చేతుల మీద చేరుతుంది. నోట్లోకి వెళ్లిన సీసాన్ని పెద్దల కంటే చిన్నపిల్లల శరీరం నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇంత వరకు ఫర్వాలేదు అనే మోతాదు సీసానికి లేదు. మెదడు ఎదుగుదల మీద పడే దెబ్బ మందులతో వెనక్కి రాదు.

ఇక పెయింట్ రిమూవర్. కొన్నింటిలో డైక్లోరోమీథేన్ ఉంటుంది. దీన్నే మిథిలీన్ క్లోరైడ్ అని కూడా రాస్తారు. పీల్చినప్పుడు అది శరీరంలో కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. మూసిన గదుల్లో దీన్ని వాడి ప్రాణాలు పోయిన సందర్భాలుండటంతో, రంగు తీసేందుకు సామాన్య వినియోగదారులకు అమ్మడాన్ని అమెరికా 2019లో నిషేధించింది. గుండె జబ్బున్నవారికి మరీ ముప్పు. తల తిరుగుతోందని ఇంట్లో ఉన్న పల్స్ ఆక్సిమీటర్ పెట్టుకుంటే 98 చూపించవచ్చు. కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న రక్తాన్నీ అది ఆక్సిజన్ ఉన్న రక్తంగానే లెక్కేస్తుంది. ఆ అంకెను నమ్మకండి. గాలిలోకి వచ్చి, ఆసుపత్రికి వెళ్లండి.

మిగిలిన థిన్నర్‌ను నీళ్ల సీసాలో పోసి పెట్టడం మన ఇళ్లలో మామూలే. దాన్ని నీళ్లనుకుని తాగిన పిల్లల్ని మా దగ్గరకు తెస్తుంటారు. దారిలో ఉప్పు నీళ్లు తాగించి వాంతి చేయించడం ఇంకా ప్రమాదం. థిన్నర్ ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా వస్తుంది. ఏమీ తాగించకుండా, సీసా వెంట పెట్టుకుని వెంటనే రండి.

మరి ఏం చేయాలి?

ఆరుబయట, పిల్లలు, గర్భిణులు దూరంగా ఉన్నప్పుడు, నీళ్లతో తడుపుతూ వాటర్ పేపర్‌తోనే రుద్దండి. గీకిన మడ్డిని కాలువలోకి వదలకుండా కవర్లో కట్టి పడేయండి. బట్టలు విడిగా ఉతకండి. స్నానం చేశాకే పిల్లల్ని ఎత్తుకోండి. థిన్నర్ ఆవిరి గాలి కంటే బరువు. నేల వెంబడి పాకి పొయ్యి దాకా, దీపం దాకా వెళుతుంది. ఆ దగ్గర్లో మంట వద్దు. థిన్నర్‌తో చేతులు కడగొద్దు.

స్ప్రే పని షాపుకిచ్చేయండి. లేదా ఛాసిస్‌కు పౌడర్ కోటింగ్ వేయించండి. అందులో థిన్నర్ ఉండదు, పొడిని వేడితో కరిగించి అతికిస్తారు. అయితే మన ఊపిరి కాపాడుకుని వేరొకరి ఊపిరిని పణంగా పెట్టడం న్యాయం కాదు. చాలా షెడ్లలో ఇరవై ఏళ్ల కుర్రాళ్లు ముక్కుకు చేతిరుమాలు కట్టుకుని రోజంతా ఇదే రంగు కొడుతున్నారు. ఇసుకతో తుప్పు వదలగొట్టే చోట పనిచేసేవారికి సిలికోసిస్ ముప్పు ఉంది. ‘ఎంతవుతుంది?’ అని అడిగే ముందు ‘మీవాళ్లకు మాస్కులున్నాయా?’ అని అడగండి. ఉన్న షాపుకే, నాలుగు వందలు ఎక్కువైనా, పని ఇవ్వండి. హార్డెనర్ డబ్బా మీద హెచ్చరిక తెలుగులో, కళ్లకు ఆనే అక్షరాల్లో ఉండాలన్న నిబంధన ప్రభుత్వం తేవాలి.

ఆ ఉద్యోగికి ఇన్‌హేలర్లు ఇచ్చాం. రంగు పని మాన్పించాం. కొన్ని వారాలకు కుదుటపడ్డారు. బండిని షాపులో పూర్తి చేయించి సంవత్సరీకానికి ఊరికి తీసుకెళ్లారు. కానీ ఇప్పటికీ పెయింటింగ్ షెడ్డు ముందు నుంచి వెళితే ఛాతీ బిగుస్తుందంటారు. రంగు కొట్టిన వారంలో దగ్గు, ఆయాసం వస్తే డాక్టరుకు మొదట చెప్పాల్సింది ఆ రంగు సంగతే. ఆయన అడగకపోయినా చెప్పండి.