నాలుగు లావు తీగలు

దసరాకి నాలుగు రోజులు సెలవు పెట్టి చెల్పూరు వెళ్లాను. మా చెల్లెలు ఉండేది అక్కడే. మరిదికి పవర్ ప్లాంటులో ఉద్యోగం. పరకాల దాటి భూపాలపల్లి దారిలో బస్సు పోతుంటే ఊరికన్నా ముందు పొగగొట్టాలే కనపడతాయి. ‘అదిగో, చెల్లెలిల్లు వచ్చేసింది’ అని అప్పుడే సంచులు సర్దుకుంటాను నేను.

ఈసారి వెళ్లేసరికి ఇల్లంతా వేడిగా ఉంది. సకినాల నూనె వేడి కాదు లెండి, తల్లీకూతుళ్ల వేడి! పిల్ల వరంగల్‌లో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. హాస్టల్ నుంచి వస్తూ బట్టల సంచితో పాటు తన భుజం దాకా వచ్చే నల్ల సంచి ఒకటి మోసుకొచ్చింది. అందులో గిటారు. మనం సినిమాల్లో చూసే ఆరు తీగల గిటారు కాదు. మెడ బాగా పొడుగు, బరువు నాలుగు కిలోలదాకా ఉంటుంది, ఉన్నవి నాలుగే తీగలు, అవీ మహా లావు. బేస్ గిటార్ అట. స్నేహితురాలి దగ్గర అరువు తెచ్చుకుంది.

‘‘చూడక్కా! వీణ నేర్చుకో అన్న, వద్దన్నది. పాట పాడు, గొంతు మంచిగున్నది అన్న, వద్దన్నది. గీ దుంగను పట్టుకొచ్చింది. గంటలకొద్ది గీకుతది, ఎవ్వలకు వినపడదు. వేళ్లకు బొబ్బలు మాత్రం వచ్చినయి. రేపు పెండ్లిచూపులకు వచ్చినోళ్లు చెయ్యి చూస్తే ఏమంటరు?’’ అని చెల్లెలి గోడు.

నిజం చెప్పొద్దూ, నాకూ అలాగే అనిపించింది. పిల్ల మంచం మీద కూర్చుని వాయించి చూపించింది. కరెంటు పెట్టె లేదు కదా, దుమ్... దుమ్... అని ఎక్కడో గోడ అవతల ఎవరో ధాన్యం బస్తా దించినట్టు వినిపించింది. ‘బాగుంది బిడ్డా’ అన్నాను. పెద్దమ్మలు అబద్ధాలాడటం ఇలాంటప్పుడే!

రాత్రి భోజనాల దగ్గర నన్ను ఆలోచనలో పడేసింది మా మరిది. ఆయనకి సంగీతం పెద్దగా పట్టదు. చెల్పూరులోని కాకతీయ థర్మల్ కేంద్రంలో 2010లో 500 మెగావాట్ల యూనిట్, 2016లో 600 మెగావాట్ల యూనిట్ వచ్చాయి. ఆయన లోకమంతా అదే. ‘‘వదినె, మా టర్బైను నిమిషానికి మూడువేల చుట్లు తిరుగుతది. అంటే సెకనుకు యాభై. ట్రాన్స్‌ఫార్మర్ పక్కన నిలబడితే హుమ్మ్... అని ఒక మోత వస్తది, అది సెకనుకు నూరు’’ అన్నారు. పిల్ల వెంటనే అందుకుంది. ‘‘నాన్నా, నా గిటారుల అన్నింటికన్న సన్న తీగ సెకనుకు తొంబై ఎనిమిది. మీ ట్రాన్స్‌ఫార్మర్‌కు, దీనికి రెండే తేడా!’’ అంది. లావు తీగ అయితే సెకనుకు 41 సార్లేనట. మామూలు గిటారులో అతి లావు తీగ 82. అంటే సరిగ్గా ఒక స్థాయి కిందికి దిగిందన్నమాట.

మంద్రస్థాయి! ఈ మాట మనకి కొత్తేం కాదు. కచేరీలో తంబుర ఆగిపోతే గాయని ఎంత గొప్పదైనా గాల్లో వేలాడుతున్నట్టే ఉంటుంది. మృదంగంలో ఎడమవైపు తొప్పి మోగకపోతే దరువుకి ఒళ్లు ఉండదు. ఒగ్గుడోలు దగ్గరికి వస్తుంటే చెవికన్నా ముందు గుండెకు తెలుస్తుంది. సినిమా పాటలో ఆ పని చేసేది బేస్. తెలుగులో రాస్తే మంద్రానికీ పునాదికీ ఇంగ్లీషు మాట ఒకేలా ఉంటుంది. తమాషా ఏమిటంటే రెండర్థాలూ ఇక్కడ సరిపోతాయి.

ఈ వాద్యానికి వయసు కూడా ఎక్కువ లేదు. అంతకుముందు పాశ్చాత్యులు మనిషికన్నా ఎత్తుండే పెద్ద ఫిడేలులాంటి దాన్ని నిలబెట్టి వాయించేవారు. దాన్ని బస్సెక్కించడం ఎంత కష్టమో ఊహించుకోండి! అమెరికాలో లియో ఫెండర్ అనే ఆయన 1951లో దాన్ని భుజానికి తగిలించుకునే కరెంటు వాద్యంగా మార్చి అమ్మకానికి పెట్టాడు. ఆయన సంగీత విద్వాంసుడు కాదు, రేడియోలు బాగుచేసే దుకాణం నడిపినవాడు.

మరి వినపడదేం అంటే, తప్పు తీగది కాదు, మన పెట్టెలది. ఫోనుకుండే గోరంత స్పీకరుకి అంత కింది స్వరాన్ని పలికే శక్తి లేదు. మన పాత ట్రాన్సిస్టరుకీ లేదు. మర్నాడు పిల్ల వాళ్లమ్మ చెవుల్లో మంచి ఇయర్‌ఫోన్లు పెట్టి ‘గీతాంజలి’ పాటలు పెట్టింది. ఆ సినిమా 1989లో వచ్చింది. అప్పుడు మేం స్కూలు పిల్లలం. కేసెట్టు అరిగి టేపు బయటికొచ్చేదాకా విన్నాం. పెన్సిలు పెట్టి చుట్టి మళ్లీ విన్నాం. ఆ పాటల్లో మా చెల్లెలికి రాని అక్షరం లేదు. ‘‘పాడేటోల్లను వినకమ్మా. కింద నడిచేదాన్ని విను’’ అంది పిల్ల.

సకినాల పిండి చేతులతో అలాగే కూర్చుండిపోయింది మా చెల్లెలు. పాట అయిపోయాక అడిగింది, ‘‘ఇది ఎప్పుడు గిట్లనే ఉన్నదా?’’

ఉంది. ముప్ఫై ఆరేళ్లుగా ఉంది. ఇళయరాజా ఒక్కో వాద్యం ఏం వాయించాలో తనే కాగితం మీద రాసిచ్చేవారు. బేస్‌కి కూడా. అందుకే ఆయన పాటల్లో అది ఊరికే తాళం వేయదు, పాట కింద ఇంకో పాటలా నడుస్తుంది. ఆయన దగ్గర ఎన్నో పాటలకి బేస్ వాయించిన వ్యక్తి శశిధరన్. ఆ పాటలు పాడినవారి పేర్లు నిద్రలో లేపి అడిగినా చెబుతాం. ఈ పేరు మనలో ఎంతమందికి తెలుసు?

మీరూ ఒకసారి చేసి చూడండి. మీకు బాగా వచ్చిన పాత పాట ఒకటి తీసుకుని గొంతుని వదిలేసి కింది నడకని పట్టుకోండి. ఒకసారి దొరికిందంటే ఇక వదలదు. కూర తరుగుతుంటే వేళ్లు దాని లెక్కకే ఆడతాయి. ఇది ఊహ కాదు. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు 2022లో ఒక పరిశోధన ప్రచురించారు. కచేరీ జరుగుతుండగా, చెవికి ఆనని అతి కింది ధ్వనిని ప్రేక్షకులకి చెప్పకుండా కాసేపు పెట్టి, కాసేపు ఆపారు. అది ఉన్నప్పుడు జనం దాదాపు 12 శాతం ఎక్కువగా కదిలారట. ఎందుకు కదులుతున్నామో వాళ్లకే తెలియదు!

బేస్ పట్టుకున్నవాళ్లకి దాని మీద అంత పిచ్చి ఎందుకో ఇక్కడే అర్థమైంది నాకు. పదిమంది కాళ్లు తన వేలి చివర ఉంటాయి. బీటిల్స్ బృందంలోని పాల్ మెకార్ట్‌నీకి మొదట్లో ఇది ఇష్టం లేదు. 1961లో బేస్ వాయించే స్నేహితుడు మానేస్తే మిగతావాళ్లెవరూ ఒప్పుకోక అది ఆయన మెడకు చుట్టుకుంది. తరవాత ఆయన చేతిలోని ఫిడేలు ఆకారపు బేస్ లోకమంతటికీ గుర్తయిపోయింది. 1972లో పోయిన ఆ గిటారు 51 ఏళ్లకి ఎవరి ఇంటి అటకమీదో దొరికి ఆయన దగ్గరికి చేరింది. అటకలు దులపమని మన అమ్మలు ఊరికే అన్నారా!

ఇంతలో పక్కింటావిడ వచ్చింది. సంగతంతా విని, ‘‘గట్లయితే ఇది మన ఆడోళ్ల తీరే కద! కింద ఉండి మోస్తది, ఎవ్వలకు కనపడదు, లేకుంటె మాత్రం ఇల్లు నడవదు’’ అంది. ఎంత బాగా చెప్పిందో అనుకున్నాను. ఈ వారం సంపాదకీయానికి శీర్షిక దొరికిందని లోపల్లోపల సంబరపడ్డాను కూడా.

పిల్ల ఒప్పుకోలేదు. ‘‘పెద్దమ్మా, నువ్వు గట్ల రాయకు. అమ్మ వినపడకుంట ఉండాలని కోరుకోలేదు. ఉండమన్నరు, ఉన్నది. నేను దీన్ని కోరుకున్న. నేను ఒక్క స్వరం మారిస్తే పైన పాడేటోల్ల పాట రంగే మారుతది. నేను ఆపితే అందరు ఆగుతరు. మోసుడు కాదు ఇది, నడిపిచ్చుడు’’ అంది.

నా శీర్షిక అక్కడికక్కడే గోదాట్లో కలిసింది. కానీ ఆలోచించినకొద్దీ పిల్ల మాటే నిజమనిపిస్తోంది. తెర వెనక ఉండటం వేరు, తెర వెనకే ఉండిపొమ్మనడం వేరు. ఈ రెంటినీ కలిపేసి ‘త్యాగమూర్తి’ అని పొగడటం మన పేజీల్లోనూ అలవాటైపోయింది. నేనూ రాశాను అలాంటివి, కాదనను.

పిల్ల ఫోనులో ఒక ముసలావిడ ఫొటో ఉంది. పేరు కేరల్ కే. 1935లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో పుట్టింది. బీద కుటుంబం. పద్నాలుగేళ్లకే గిటారు పాఠాలు చెప్పి ఇంటికి డబ్బు తెచ్చింది. 1963లో లాస్ ఏంజెలిస్‌లో ఒక రికార్డింగుకి బేస్ వాయించాల్సిన మనిషి రాలేదు. గిటారు కోసం వచ్చిన ఈవిడ చేతిలో బేస్ పెట్టారు. అంతే, ఆ తరవాత వెనక్కి చూడలేదు. పిల్లల్ని పెంచుకుంటూ, గది నిండా మగవాళ్ల మధ్య కూర్చుని, దాదాపు పదివేల రికార్డింగులు చేసిందంటారు. బీచ్ బాయ్స్ పాటలు, ‘మిషన్ ఇంపాజిబుల్’ సంగీతం... వాటిలో ఈవిడ చెయ్యి ఉంది. విన్నవాళ్లకి మాత్రం అది ఆడమనిషి చెయ్యి అని తెలియదు. ఎందుకంటే ఆ రోజుల్లో రికార్డు అట్టమీద వాద్యకారుల పేర్లు వేసేవారు కాదు. 1969లో బేస్ వాయించడం ఎలా అని పుస్తకం రాసింది. దాని మీద మాత్రం పేరుంది! 2025లో అక్కడి రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ వాళ్లు గౌరవిస్తామని పిలిస్తే, స్టూడియోలో పనిచేసినవాళ్ల పనికి అది అద్దం పట్టదంటూ వద్దని చెప్పేసింది. తొంబై ఏళ్ల వయసులో!

మగవాళ్లకీ ఈ బాధ తప్పలేదు లెండి. డెట్రాయిట్‌లో జేమ్స్ జేమర్సన్ ఒకే ఒక్క చూపుడువేలితో ఎన్నో పాటల్ని నడిపించాడు. ఆ కంపెనీ తన రికార్డు మీద ఆయన పేరు అచ్చువేసేసరికి 1971 వచ్చింది. మన దగ్గర 1990లలో ఎ.ఆర్.రెహమాన్ కేసెట్ల లోపలి కాగితం మీద వాద్యకారుల పేర్లు కనపడటం మొదలైంది. బేస్ వాయించే కీత్ పీటర్స్ పేరు చాలామంది కుర్రాళ్లు నేర్చుకున్నది అలాగే. ఒక చిన్న అచ్చు, అంతే కదా అనుకుంటాం. ఆ పేరు చూసే కదా ఎక్కడో ఒక పిల్లకి ఇలా కూడా బతకొచ్చని తెలిసేది!

ఇప్పటి పిల్లలకి మోహినీ డే ఉంది. ముంబయి అమ్మాయి, 1996లో పుట్టింది. తండ్రి సుజయ్ డే బేస్ వాద్యకారుడే. మూడేళ్లకే చేతికిచ్చాడట. ఇరవై దాటేసరికే రెహమాన్ దగ్గరా, జాకీర్ హుస్సేన్ పక్కనా వాయించింది. 2023లో తన పేరుతోనే ఆల్బం తెచ్చింది. ఆవిడ వేళ్లు చూడమని పిల్ల వాళ్లమ్మకి వీడియో చూపించింది. ‘‘బొబ్బలు కనపడ్తలేవు గదనే’’ అంది మా చెల్లెలు. బొబ్బలు మొదటి నెలే ఉంటాయట, తరవాత చర్మం గట్టిపడుతుంది. కొడవలి పట్టిన చేతికీ రోకలి పట్టిన చేతికీ ఉన్నదేగా అది. పొట్టిగా ఉన్నవాళ్లకి, చేతులు చిన్నవైతే, మామూలు 34 అంగుళాల తీగ బదులు 30 అంగుళాలది దొరుకుతుంది. మెకార్ట్‌నీ వాయించింది కూడా చిన్నదే. నేర్చుకోవాలనుకునే అమ్మాయిలకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

అసలు గొడవ ఇంకోటుంది. అది చివరి రోజు బయటపడింది. కాలేజీలో వార్షికోత్సవానికి ఒక బృందం కట్టారు. ‘‘అమ్మాయివి, ముందు నిలబడి పాడు, స్టేజీకి కళగా ఉంటుంది. బేస్ ఎవడో ఒకడు వాయిస్తాడులే’’ అన్నారట పిల్లతో. ఎవడో ఒకడు! ఆ మాటకే పంతం పట్టి అరువు గిటారుతో పండుగంతా గది తలుపేసుకుంది. వాళ్లమ్మకి చెప్పలేదు. చెబితే ‘పాడొచ్చు కదా’ అంటుందని భయం.

మా చెల్లెలు ఆ మాట అనలేదు. గిన్నెలో కొబ్బరినూనె తెచ్చి ముందర పెట్టి వెళ్లింది.

పది రోజుల తరవాత కాలేజీ కరపత్రం ఫొటో నాకు పంపింది. పిల్లే వాయిస్తోంది, ఒప్పుకున్నారు. కరపత్రంలో ముఖ్య అతిథి పేరుంది, పాడేవాళ్ల నలుగురి పేర్లున్నాయి, యాంకర్ల పేర్లున్నాయి. అడుగున ‘వాద్య సహకారం: మిత్రబృందం’ అని ఉంది. ఫొటో వెనకాలే మా చెల్లెలి ఫోనొచ్చింది.

‘‘అక్కా, మంచిగ సూడు. గిండ్ల నా బిడ్డ పేరేది?’’