బొటనవ్రేలంత సిపాయి

మా చెల్లెలి కుటుంబం ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో ఉంటున్నది. నేను వారింట దిగిన రోజే చెల్లెలు నన్ను వంటగదిలోకి పిలిచి, “అన్నయ్యా, వీడికి నీవైనా బుద్ధి చెప్పు. పదిహేనేండ్లు నిండినా ఇంకా బొమ్మలతోనే. అవీ యుద్ధం బొమ్మలు. మీ బావగారు వాడితో మాట్లాడడం మానేసి నెల అయింది” అని కన్నీళ్ళు పెట్టుకున్నది. బల్ల మీదున్న డబ్బా అమ్మివేయమని తండ్రి, అమ్మనని కొడుకు. ఇదీ తగవు.

ఆ ఊరు ఈ పనికి పేరుబడినది. 1983లో వార్‌హామర్ అనే ఆటను వెలువరించిన గేమ్స్ వర్క్‌షాప్ ప్రధాన కార్యాలయం అక్కడే ఉన్నది. అసలు ఆ దేశంలో ఇది పాత ముచ్చటే. విలియం బ్రిటన్ కంపెనీ 1893లోనే లోపల బోలుగా ఉండే సీసపు సిపాయిలను పోతపోసింది. రచయిత హెచ్.జి. వెల్స్ ఆ బొమ్మలతో ఆడే ఆటకు నియమాలు వ్రాసి 1913లో పుస్తకం వేశాడు. మరుసటి యేడే నిజమైన మహాయుద్ధం వచ్చిపడింది.

మా మేనల్లుడివి 1815 నాటి వాటర్లూ యుద్ధపు ఆంగ్లేయ సిపాయిలు. ప్లాస్టిక్‌వి. ఒక్కొక్కడు సుమారు 28 మిల్లీమీటర్లు, అంటే బొటనవ్రేలి పై కణుపంత. ఎర్ర కోటు, బూడిదరంగు లాగు, నల్ల టోపీ, రొమ్ము మీద అడ్డంగా తెల్ల పట్టీలు. బుద్ధి చెప్పడానికే కూర్చున్నాను గాని, “ఎర్ర కోటుకు ఎర్ర రంగు పూస్తే సరిపోదా?” అని అడిగి చిక్కుకున్నాను.

“చాలదు మామయ్యా. మన చొక్కా మడతలో వెలుగే నీడ కల్పిస్తుంది. ఇంత చిన్న బొమ్మ మీద ఆ నీడ కంటికి ఆనదు. అందుకని నీడనూ వెలుగునూ మనమే పూయాలి” అన్నాడు. ముందు ప్రైమర్. దాని మీద ముదురు ఎరుపు, నీళ్ళు కలిపి పలుచగా రెండు పూతలు. తరువాత నీళ్ళవంటి నల్లటి రంగు వదిలితే అదే జారి మడతల్లోకి దిగుతుంది. ఆరినాక ఉబ్బెత్తుగా ఉన్నచోట మళ్ళీ ఎరుపు. చివరికి భుజం అంచున, మోచేతి వద్ద, కుంచె మొనతో వెంట్రుకంత గీత. ఆ గీతకు ఎరుపులో తెలుపు కలపకూడదట, కలిపితే కోటు గులాబీరంగుకు తిరుగుతుంది. నారింజ కలపాలి. నల్ల టోపీ అంచుకు ముదురు బూడిదరంగు. తెల్ల పట్టీలకైతే ముందు బూడిదరంగు వేసి, తెలుపును పైఅంచుకే దాచుకోవాలి. ముక్కు కొన మీద ఒక చుక్క పెట్టగానే ఆ ముద్దకు ముఖం వచ్చింది. నిజం చెప్పవద్దూ, నాకు ముచ్చటేసింది.

నేనూ ఒకటి పట్టాను. రంగు చిక్కగా పూసి కళ్ళూ నోరూ పూడ్చేశాను. వాడు విసుక్కోలేదు. స్పిరిటులో వేసి, పాత పళ్ళ బ్రష్షుతో రుద్ది, మళ్ళీ చేతిలో పెట్టాడు. ఇంత ఓర్పున్న పిల్లవాణ్ణి సోమరి అనడం ఎట్లా? ఖర్చు మాట మాత్రం చెప్పాను. నెలకు ఒక్క డబ్బా, ఉన్నవి పూర్తయ్యేవరకు కొత్తవి లేవు అన్నాను. ఒప్పుకున్నాడు.

సాయంత్రం బావగారు పనినుండి వచ్చారు. ఆయన పని కార్లకు రంగులు కొట్టే షెడ్డులో. ఆ సంగతి అంతవరకు నా బుర్రకు తట్టలేదు! వాడు ఆ ఉదయమే పది సిపాయిలకు స్ప్రే ప్రైమర్ కొట్టాడు. అన్నీ ఇసుక చల్లినట్టు గరుకుతేలాయి. వాడు దిగాలుగా చూస్తున్నాడు. ఆయన చెప్పులు విడుస్తూ ఒకటి తీసుకుని గోటితో గీకి చూశారు.

“దూరం ఎక్కువైంది. రంగు గాలిలోనే ఎండిపోయి పొడై పడింది. జానెడుకు కొంచెం పైన పట్టుకోవాలి. డబ్బాను ముందు బాగా ఊపావా?”

“రెండుసార్లు ఊపాను, నాన్నా.”

“రెండు నిమిషాలు ఊపాలిరా.”

ఇద్దరూ డబ్బా, ఒక అట్టముక్క పట్టుకుని పెరట్లోకి వెళ్ళారు. చెల్లెలు చారు రెండుసార్లు వేడిచేసింది.