నోరు తెరిపించి చూడండి

ఎయిడ్స్ దినమైన డిసెంబరు 1 వచ్చింది, ర్యాలీలు జరిగాయి, ఎర్ర రిబ్బన్లు కట్టారు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల నోటి గోడు మాత్రం ఈ ఏడూ ఎవరికీ పట్టలేదు. ఒంట్లో రోగనిరోధక శక్తి సన్నగిల్లుతోందని చాలామందిలో ముందుగా చెప్పేది నోరే. తుడిస్తే ఊడొచ్చే తెల్లపూత క్యాండిడా అనే శిలీంధ్రం పని. నాలుక అంచున తుడిచినా పోని తెల్లచారలు హెయిరీ ల్యూకోప్లేకియా కావచ్చు. చిగురు మీద చూస్తుండగానే పెరిగే గడ్డ లింఫోమా అనే క్యాన్సర్ కావచ్చు. మన దేశంలో అరుదే అయినా, అంగిలి మీద ఊదారంగు మచ్చ కపోసీ సార్కోమా అనే క్యాన్సర్ కావచ్చు. వీటిని అనుమానించి పెద్దాసుపత్రికి పంపడానికి టార్చిలైటు, కాస్త ఓపిక చాలు.

హెచ్‌ఐవీని అదుపు చేసే ఏఆర్‌టీ మందులొచ్చాక ఇవన్నీ తగ్గాయి కదా అంటారు. తగ్గాయి, సంతోషం. 2004 నుంచి సర్కారు ఉచితంగా ఇస్తున్న ఆ మందులు ఎందరినో బతికించాయి. అలా బతికినవాళ్లే ఇప్పుడు నడివయసు దాటుతున్నారు, క్యాన్సర్లు కాచుకునే వయసు అదే. హెచ్‌పీవీ అనే వైరస్ తెచ్చే గొంతు క్యాన్సర్ ముప్పు వీళ్లకు మిగతావారికన్నా ఎక్కువ. పైగా 2021 అంచనాల్లో దేశంలోని వయోజనుల్లో హెచ్‌ఐవీ 0.21 శాతమైతే తెలంగాణలో 0.47, ఆంధ్రప్రదేశ్‌లో 0.67. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట తాగే అడ్డపొగ, దాంతో వచ్చే అంగిలి క్యాన్సర్ ఉత్తరాంధ్ర తీరానికి పాత కష్టాలు. ఈ నేల మీద నోటిని చూడకపోవడం క్షమించరాని నిర్లక్ష్యం.

చూడాల్సిన పళ్ల డాక్టర్లలో కొందరు హెచ్‌ఐవీ అనగానే వేరేచోటికి వెళ్లమంటారు. మాకు అంటుకోదా అన్నది వాళ్ల భయం. కానీ తనకు హెచ్‌ఐవీ ఉందని తెలియని రోగి కూడా అదే కుర్చీలో కూర్చుంటాడు. అందుకే గ్లౌజులు, పరికరాల శుద్ధి అందరికీ ఒకేలా ఉండాలి. అవి సరిగ్గా ఉంటే హెచ్‌ఐవీ ఉన్న రోగిని పంపేయడానికి కారణమే లేదు. 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం ఇలా వైద్యం నిరాకరించడాన్ని వివక్షగా ఎంచి నిషేధించింది. ఆ చట్టం గతి, నోటికి చేటైన గుట్కా మీది నిషేధం గతే అయింది, రెండూ కాగితానికే పరిమితం. పాన్ మసాలా ఒక పొట్లం, పొగాకు ఒక పొట్లం చేసి ఒకే కొట్లో అమ్ముతుంటే అధికారులు చూస్తూ ఊరుకుంటున్నారు. వైద్యం నిరాకరించినవాళ్లను, ఆ జంట పొట్లాలు అమ్మేవాళ్లను చట్టం ముందు నిలబెట్టాలి. ప్రతి ఏఆర్‌టీ కేంద్రంలో మందులిచ్చే ముందు నోటి పరీక్ష తప్పనిసరి చేయాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక ఉత్తర్వు చాలు.